ముటుప్ తారు డ్రమ్ము

ఎంతతో మొదలెట్టాడంటావా? డెబ్భై రూపాయలతో. నవ్వకు పిల్లా, నిజంగానే డెబ్భై. రోడ్డు పనిలో ఎండాకాలమంతా రాళ్ళు కొట్టి, తిండికి పోగా మూట కట్టుకున్నది అంతే. ఇవాళ ఆ డబ్బుకి నీ దుకాణంలో సుత్తికి పిడి కూడా రాదు, నాకు తెలుసు. నేను ఇంత అనగానే నువ్వు మనసులో లెక్క కట్టేస్తావనీ తెలుసు. రక్తం ఎక్కడికి పోతుంది మరి. మీ అవ్వకి సొంత అన్న కదా వాడు. వాడూ అంతే, నోరు తెరిస్తే లెక్కే. ముందు ఆ మూట కింద పెట్టు. రాగే కదా, కరిగిపోదులే. ఇటు గోడవారకి జరిగి కూర్చో, ఎండ ఇంకాసేపు ఇక్కడే ఉంటుంది. టీ అందుకో యాంగ్డోల్. ఉప్పు సరిపోయిందా? మా కోడలు ఈమధ్య పంచదార టీకి అలవాటు పడింది, ఉప్పు వెయ్యాలంటే చెయ్యి రావట్లేదు దానికి. వెన్న కూడా చూడు, పైన చుక్క తేలితే ఒట్టు. సరే, ఏం చెప్తున్నాను... ఆ, ముటుప్.

ముటుప్‌ని నువ్వెక్కడ చూస్తావు, మీ అమ్మే చూళ్ళేదు. పొట్టిగా, ఇంత ఛాతీ వేసుకుని, నడుస్తుంటే బస్తా దొర్లినట్టుండేవాడు. మీ ఇల్లు అప్పుడు కూడా అక్కడే, ఊరికి కింది చివర. కమ్మరోళ్ళ ఇల్లు ఎప్పుడూ కింది చివరే కదా ఉండేది. కోతలయ్యాక ఇంటింటి నుంచీ ఒక బుట్ట బార్లీ మీ ఇంటికి వెళ్ళేది, ఏడాది పొడుగునా కొట్టిపెట్టిన కొడవళ్ళకీ పొయ్యిలకీ అన్నింటికీ కలిపి. అది పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉండేది. పెళ్ళిలో వరసగా కూర్చుంటాం చూడు, ఊరిపెద్ద మొదట్లో, ఆ తర్వాత పెద్దిళ్ళవాళ్ళు, ఆ తర్వాత మాలాంటి మధ్యవాళ్ళు, గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట, ముటుప్ వాళ్ళ నాన్న. ఆయన గిన్నె వేరే. ఆయన గిన్నెలోకి బార్లీ కల్లు పైనుంచి ధారగా పోసేవాళ్ళు, కూజా అంచు తగలకుండా. తమాషా ఏంటో చెప్పనా? ఆయన కొట్టిన గరిటెతో వడ్డించుకుని తినేవాళ్ళం. ఆయన చేతి నుంచి మాత్రం ఏదీ తీసుకునేవాళ్ళం కాదు. ఎవడు పెట్టాడో ఆ పద్ధతి, వాడి నోట్లో మన్ను పడ. అప్పుడు మాకది వింతగా అనిపించేది కాదు. చలికాలం చలిగా ఉంటుంది, కమ్మరోడు గుమ్మం దగ్గర కూర్చుంటాడు, అంతే.

సైన్యం లేహ్ దాకా రోడ్డు వేస్తున్నప్పుడు నేనూ వాడూ కలిసి పనికి పోయాం. అక్కడ వరసా లేదు, గిన్నే లేదు. అందరికీ ఒకే డేగిసా పప్పు. మేస్త్రీ కూలి లెక్క రాసుకోవడానికి పెన్సిలు నాలిక్కి తడుపుకునేలోపు వీడు మొత్తం చెప్పేసేవాడు. ‘ఒరే పొట్టోడా, నువ్వు చదివావా?’ అని అడిగేవాడు మేస్త్రీ. ‘అక్షరం ముక్క రాదు సాబ్, అంకెలు మాత్రం వాటంతటవే వస్తాయి’ అనేవాడు. రోడ్డు పక్కన తారు డ్రమ్ములు ఖాళీ అయినవి పడుండేవి, బోలెడన్ని. ఒకరోజు వీడు ఒకదాన్ని నిలబెట్టి, దాని చుట్టూ తిరుగుతున్నాడు. మధ్యమధ్య తట్టి చూస్తున్నాడు. ‘ఏంట్రా, పిల్లని చూడ్డానికొచ్చావా?’ అన్నాన్నేను. ‘చోస్ఫెల్, దీనికి నడుంలో ఒక ఇరుసు దింపి, లోపల మంత్రాల కాగితాలు చుడితే ఎంత మణి చక్రం అవుతుందో తెలుసా?’ అన్నాడు. నేను నవ్వాను. తారు వాసన కొట్టే మణి చక్రం, అవలోకితేశ్వరుడు ముక్కు మూసుకుంటాడు అన్నాను. వాడు నవ్వలేదు. ‘గోంపా గోడలో ఒక గూడు ఖాళీగా ఉంది కదా’ అన్నాడు. ఉండేది. ఇప్పుడూ ఉంది, నువ్వు చూశావుగా. మఠం చుట్టూ వరసగా చక్రాలున్న గోడలో, మలుపు తిరిగే చోట పెద్ద గూడు. దాంట్లో పాత చెక్క చక్రం పుచ్చిపోయి విరిగి చాన్నాళ్ళయింది అప్పటికే. పెద్దవాళ్ళు దాని దగ్గరికి రాగానే చెయ్యి గాల్లో తిప్పి వెళ్ళిపోయేవాళ్ళు, అలవాటుకొద్దీ.

డబ్బులందాక ఇద్దరం ఇంటికొచ్చాం. నేను మా ఆవిడకి పగడాలు కొన్నా. అప్పటికింకా ఆవిడ కాలేదనుకో, అందుకే కొన్నా. వాడు ఏం చేశాడు? ఆ డెబ్భైతో లేహ్‌లో కాగితం కొన్నాడు. మిగిలిందేమైనా ఉంటే సిరా కొన్నాడు. ఖాళీ డ్రమ్ము వీపున కట్టుకుని, దాంట్లోనే కాగితం పెట్టుకుని కొండెక్కి వచ్చాడు. దూరం నుంచి చూసి పిల్లలు తాబేలొస్తోందని అరిచారు. తిన్నగా ఊరిపెద్ద గ్యాల్సన్ ఇంటికి పోయి, గుమ్మం బయట నిలబడి, ‘అయ్యా, గోంపా గూట్లోకి నేనొక చక్రం ఇస్తాను’ అన్నాడట. గ్యాల్సన్ చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. మంచి మాటకారి, కరువొస్తే తన గాదె తీసేవాడు. ‘శుభం ముటుప్. చెయ్యి. కోతలయ్యాక ఇంటికి ఒక కుంచం చొప్పున ఎక్కువ బార్లీ వేయిస్తాను’ అన్నాడు. వీడన్నాడూ, ‘బార్లీ వద్దు అయ్యా. చేసిపెడతానని కాదు, ఇస్తానంటున్నాను’ అని. అర్థమైందా నీకు తేడా? బార్లీ తీసుకుంటే అది ఊరు చేయించుకున్న చక్రం. పుణ్యం ఊరిది, పనితనం కమ్మరోడిది. తీసుకోకపోతే అది వాడి దానం. లామాగారు ప్రతిష్ఠ చేసేటప్పుడు దాత పేరు పైకి చదువుతాడు. గోంపాలో, దీపాల ముందు, ఊరంతా తలవంచుకుని ఉన్నప్పుడు ‘కమ్మరి ముటుప్ ఇచ్చినది’ అని చదవాలి. అంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదు. గ్యాల్సన్ ముఖం ముడుచుకున్నాడు. ‘ఇచ్చేవాళ్ళు ఇస్తారు, చేసేవాళ్ళు చేస్తారు. మీ తాతలు లేని గొడవ నువ్వెందుకు తెస్తావు? బార్లీ తీసుకుంటే గూడు నీ చక్రానికి. లేదంటే నీ డ్రమ్ములో నీళ్ళు పోసుకో’ అన్నాడు.

నీళ్ళు పోసుకో అన్నాడు చూడు, ఆ మాట ఇంటికి పట్టుకొచ్చాడు వీడు. మనమైతే ఏడ్చి పడుకుంటాం. వీడు మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, ‘చోస్ఫెల్, నీళ్ళే మంచివిరా’ అన్నాడు. ఏం నీళ్ళురా బాబూ అంటే, ‘కాలవ మీద పెడతాను. ఊరికి పైన, నీళ్ళు ఇంకా ఎవరి పొలంలోకీ చీలకముందు. అక్కడ గోడ ఎవరిదీ కాదు. గోంపాలో మనిషి వచ్చి తిప్పితేనే తిరుగుతుంది. ఇక్కడ రాత్రీ పగలూ తిరుగుతుంది’ అని వేళ్ళు ముడుస్తూ లెక్క మొదలెట్టాడు. లోపల ఇన్ని లక్షల మంత్రాలు చుడితే, ఒక్క చుట్టుకి అన్నిసార్లు జపించినట్టు, నిమిషానికి ఇన్ని చుట్లు, మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్ళీ గడ్డకట్టే దాకా... నాకు మధ్యలోనే కళ్ళు తిరిగాయి. అదే లెక్క లామాగారికి చెప్పాడు. ఆయన అప్పటికే ముసలాయన, పళ్ళు లేవు, నవ్వితే కళ్ళు కనపడేవి కావు. మొత్తం విని, ‘బాగుంది ముటుప్. జపించేది నీళ్ళు. పుణ్యం నీళ్ళకొస్తుంది. మధ్యలో నీకేం మిగిలింది?’ అన్నాడు. వీడు తడుముకోలేదు. ‘ఆ నీళ్ళు ఊరంతా తాగుతుంది కదా స్వామీ’ అన్నాడు. లామాగారు గోంపాలోని మంత్రపు అచ్చు చెక్కలు బయటికి తీయించాడు.

ఆ చలికాలం, అబ్బ, నేను మర్చిపోలేను. డ్రమ్ము చుట్టూ పేడపిడకలు పేర్చి కాలిస్తే తారు కరిగి నల్లగా ఏడ్చినట్టు కారింది. ఊరంతా కంపు. ‘మణి చేస్తున్నాడా, దెయ్యాన్ని కాలుస్తున్నాడా’ అని ఆడవాళ్ళు ముక్కు మూసుకున్నారు. పైన తొడగడానికి రాగి కావాలి. వాళ్ళమ్మ పెళ్ళినాటి రాగి కాగు ఉండేది, ఇంతది, దాన్ని కోసి రేకు కొట్టాడు. మీ అవ్వ ఏడ్చిందట, అమ్మ గుర్తు అదొక్కటే కదా అని. ‘అమ్మ గుర్తు మూలన ఉండే బదులు తిరుగుతూ ఉంటుందిలే’ అన్నాడట. మరి అక్షరాలో? చదువు రాదుగా. మణి గోడ దగ్గరికి పోయి, రాళ్ళ మీద చెక్కిన మంత్రం మీద గుడ్డ పరిచి, మసి రుద్ది, ఆ అచ్చు తెచ్చి రేకు మీద పెట్టి ఉలితో కొట్టాడు. ఆ రాయి ఏ కాలందో, ఒక అక్షరానికి తోక విరిగిపోయుంది. వీడు విరిగిన తోకని విరిగినట్టే కొట్టాడు. ఇప్పటికీ ఉంది చూడు. నేనూ వాడూ కూర్చుని, ఆ చెక్కలతో మంత్రం అచ్చేసిన కాగితం ఇరుసుకి చుట్టాం. మొదలెట్టేముందు లామాగారు మా చేతులు కడిగించాడు. ఒకే గిన్నెలో, ఒకే నీళ్ళతో. నేను వాడి ముఖం చూశా, వాడు నా ముఖం చూశాడు. పైన ఒక ఇనప నాలిక, చుట్టు పూర్తయినప్పుడల్లా అది పోయి గంటకి తగిలేలా. ఆ గంట సైన్యం కంచరగాడిద మెళ్ళోది. ఎలా వచ్చిందని అడగకు. గాడిద పోయింది, గంట మిగిలింది, అంతవరకే నాకు తెలుసు.

మన నీటిమిల్లు చూశావుగా. కింద కాలవలో చెక్క తెడ్లు, వాటి మధ్యలోంచి నిలువుగా ఇరుసు, పైన తిరగలి రాయి. వీడూ అదే పద్ధతి పట్టుకున్నాడు. కాలవ మీద చిన్న రాతి గది కట్టాడు, కింద తెడ్లు, పైన చక్రం. చలికాలం కదా, కాలవ ఎండిపోయుంది. వీడు వెల్లకిలా పడుకుని, కాలవ గర్భంలో దూరి, తెడ్లు బిగించి, నీళ్ళు వాటికి ఏ పక్కన తగలాలో చూసుకుని, అటువైపుకి దారి కట్టాడు. పైకొచ్చి చేత్తో తోస్తే చక్రం పాములా జారింది. అంతా బాగుంది. వసంతంలో మొదటి నీళ్ళు వదిలే రోజు రానే వచ్చింది. నీకు చెప్పక్కర్లేదు, కొండమీద మంచు కరిగి మొదటి నీళ్ళు వస్తేనే మనకి విత్తనం. ఊరు ఊరంతా కాలవ దగ్గరికి చేరింది. లామాగారు పీఠం వేసుకుని కూర్చున్నాడు, ఎలాగూ నీళ్ళకి పూజ చెయ్యాలి కదా, దాంతోపాటే చక్రానికి కూడా. మొదటి వంతు ఎప్పుడూ ఊరిపెద్ద ఇంటిదే. గ్యాల్సన్ గండి తీశాడు. నీళ్ళు బుసకొడుతూ వచ్చాయి. తెడ్లకి తగిలాయి. చక్రం కదిలింది. ‘కీ కీ సో సో’ అని దేవతలకి జై కొట్టడానికి నేను నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఎడమకి తిరుగుతోంది.

ఎడమకే పిల్లా! అప్రదక్షిణంగా! మన ఊళ్ళో గాడిద కూడా మణి గోడ ఎదురైతే దాన్ని కుడి పక్కన పెట్టుకుని పోతుంది. అలాంటిది ఊరి మొత్తానికీ చేసిన చక్రం ఎదురు తిరుగుతోంది, పైగా ఎంత హుషారుగా! గంట కూడా కొట్టింది. ఏం జరిగిందో తెలిసిందా? వాడు కింద పడుకుని పైకి చూస్తూ కట్టాడు. కింద నుంచి చూసినవాడికి అది కుడే. పైన నిలబడి చూసేవాళ్ళకి ఎడమ. మిల్లు ఎటు తిరిగినా పిండి పడుతుంది, ఎటు తిరుగుతోందో మనమెవరం ఎప్పుడూ చూళ్ళేదు. మణి అలా కాదుగా. ముసలమ్మలు చెంపలేసుకున్నారు. ‘అయ్యో అయ్యో, చేసుకున్నదంతా వెనక్కి పోతోంది’ అని ఒకావిడ. గ్యాల్సన్ గట్టిగా నవ్వాడు. ‘ఒక్క చుట్టుకి లక్షలు లక్షలన్నావు కదరా ముటుప్! ఏదీ, ఇప్పుడు కట్టు లెక్క! ఇలా తిరిగితే మన ఊరి పుణ్యం సాయంత్రానికి ఐపోతుందా, మధ్యాహ్నానికేనా?’ అందరూ నవ్వారు. నవ్వులో భయం కూడా ఉంది. నీళ్ళు ఆపెయ్యమన్నాడొకడు. మొదటి నీళ్ళకి అడ్డం వేస్తే ఆ ఏడు పంట ముఖం చూడం, ఎవడు ఆపుతాడు?

ముటుప్ ఒక్క గెంతు గెంతి ఆ గదిలోకి దూరి చక్రాన్ని వాటేసుకున్నాడు. రెండు చేతులతో, పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు. కాళ్ళు గోడకి తన్ని పట్టాడు. చక్రం ఆగింది. నీళ్ళు కింద తెడ్లని తోస్తూనే ఉన్నాయి, వాడు పైన బిగబట్టే ఉన్నాడు. వదిలితే ఎడమకి తిరుగుతుంది. వదలకపోతే బాగుచెయ్యడానికి చేతులు లేవు. నీళ్ళని తెడ్లకి అవతలి పక్కకి మళ్ళించాలి, అంతే, రాళ్ళు తీసి రాళ్ళు పెట్టే పని. కానీ నీళ్ళ రోజున కాలవలో ఒక్క రాయి కదిపితే ఊళ్ళో తలలు పగులుతాయి, అది ఇప్పటికీ అంతే. నేను కదిలానా? కదల్లేదు. మాది మధ్యిల్లు, ఆ వంతు మాది కాదు. గ్యాల్సన్ దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు, ‘వదిలెయ్ ముటుప్. చేతులు పడిపోతాయి. దాన్ని పీకించి గోంపా వెనక పెట్టిస్తాను. బార్లీ పంపిస్తాను, పడ్డ కష్టానికి.’ జాలిగానే అన్నాడు. ముటుప్ మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. ‘బార్లీ వద్దయ్యా’ అన్నాడు, పళ్ళ మధ్యలోంచి.

అప్పుడు లేచింది గ్యాల్సన్ తల్లి, కున్‌జెస్ అవ్వ. నడుం ఇలా రెండుగా వంగిపోయిన మనిషి, ఊళ్ళో ఎవరితోనూ మంచిగా మాట్లాడగా నేను వినలేదు. చేతిలో చిన్న మణి చక్రం తిప్పుతూనే నీళ్ళలోకి దిగింది. మంచు నీళ్ళు, మోకాలి దాకా. అందరం బిత్తరపోయాం. వంగింది, అంటే ఎలాగూ వంగే ఉంది కదా, చెయ్యి చాపింది అంతే, ఒక రాయి తీసింది, అవతల పక్కన పెట్టింది. గ్యాల్సన్ ‘అమ్మా, ఏంటిది!’ అన్నాడు. ‘ఏంట్రా? ఈ పూట నీళ్ళ వంతు ఎవరిది?’ ‘మనదే.’ ‘నా నీళ్ళు, నా పొలం, నా రాయి. నా ఇష్టం వచ్చిన చోట పెట్టుకుంటా. నీకు అడ్డమా?’ అని, గదిలో ఉన్న ముటుప్ వైపు తిరిగి, ‘ఒరే కమ్మరోడా, నీకు సాయం చేస్తున్నాననుకునేవు. నీ దానంలో నాకు వాటా అక్కర్లేదు. ఇది నా పొలం కోసం పెట్టుకున్న రాయి’ అంది. అబ్బ! ఆ మాట! ఇంకో రాయి తీసింది. అప్పుడు నేను దిగాను. ‘నేను కూడా మా పొలం కోసమే’ అన్నాను. సిగ్గు లేకుండా. నా వెనక ఇంకొకడు, ‘మా పొలం కూడా ఉంది కదా కింద’ అని. ఇంకొకావిడ అంగీ అంచు దోపుకుని, ‘మా బఠాణీ చేనుకి’ అని. కాసేపటికి కాలవ నిండా మనుషులే, ఎవడికి వాడు తన పొలం కోసం రాళ్ళు పెడుతున్నాడు, వాడికి మాత్రం ఎవడూ సాయం చెయ్యట్లేదు. నీళ్ళు మెల్లగా ఒత్తిగిలాయి. ఇటు పక్క పలచబడ్డాయి, అటు పక్క నిండాయి.

లోపల వాడికి తెలియట్లేదు. కళ్ళు మూసుకుని పట్టుకునే ఉన్నాడు. చక్రం ఇప్పుడు కుడికి తిరగాలని లాగుతోంది, వీడు దాన్ని కూడా ఆపేస్తున్నాడు. ‘ఒరే వదలరా’ అని అరిచాన్నేను. వదలడే. కున్‌జెస్ అవ్వ గడప దాకా పోయి, వాడి భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి, పిల్లా. ఊరందరి ముందూ. ‘వదులు నాయనా. ఇచ్చేశావు కదా. ఇంక అది నీది కాదు’ అంది.

వదిలాడు. కుడికి తిరిగింది. మొదటి చుట్టు చాలా మెల్లగా, ఏదో ఆలోచిస్తున్నట్టు. ఇనప నాలిక వచ్చి గంటకి తగిలింది. లామాగారు వెంటనే పుస్తకం విప్పి, చదవాల్సింది చదివి, ఆగి, పద్ధతి ప్రకారం అడిగాడు, ‘దాత ఎవరు?’ అని. ముటుప్ చేతులు చూసుకుంటున్నాడు, వేళ్ళు విప్పుకోవట్లేదు వాడికి. మన పేరు మనమే చెప్పుకోకూడదుగా ఆ రోజుల్లో, ఊరిపెద్దే చెప్పాలి. గ్యాల్సన్ గొంతు సవరించుకున్నాడు. ‘ఊరి...’ అన్నాడు. అవ్వ తడి కాళ్ళతో అక్కడే నిలబడి, ‘నా నీళ్ళ దగ్గర అబద్ధం ఆడకు’ అంది, పెద్దగా కూడా కాదు. గ్యాల్సన్ ఆ చక్రం వంక చూశాడు. గంట రెండు మూడుసార్లు మోగేదాకా చూశాడు. ఆ తర్వాత టోపీ తీసి, ‘ముటుప్. కమ్మరి ముటుప్’ అన్నాడు. లామాగారు అదే మాట ఎత్తి చదివాడు, కొండకి తగిలి మళ్ళీ వినపడింది.

అంటే ఆ పూటే వరస మారిపోయిందనుకున్నావా? లేదమ్మా. ఆ సాయంత్రం విందులో కూడా వాడు గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. కల్లు పైనుంచే పోశారు. కున్‌జెస్ అవ్వ ఒక్కతే కూజా అంచు గిన్నెకి ఆనించి పోసింది, టంగుమని చప్పుడయ్యేలా, అందరూ వినాలని. మిగతావాళ్ళకి చాలా ఏళ్ళు పట్టింది. మా ఇంటికి కూడా పట్టింది. కానీ గంట ఉంది కదా, అది ఆగదు. నేను వంతులు చూసే నీళ్ళ పెద్దగా ఉన్నన్నాళ్ళూ పక్కమీద పడుకునే లెక్క చెప్పేవాణ్ణి. గంట వడివడిగా కొడితే మంచు బాగా కరుగుతోందని, లాగి లాగి కొడితే కాలవలో ఏదో పడిందని. ప్రతి వసంతంలో గంట మొదటిసారి మోగితే పెద్దిళ్ళవాళ్ళు కూడా చేస్తున్న పని ఆపి, ‘ముటుప్ మాట్లాడాడు’ అనేవాళ్ళు. ఆ ఏడు కోతలకి ఇంటింటి నుంచీ ఒక కుంచం ఎక్కువ బార్లీ వచ్చింది. వాడు కుంచం కుంచం కొలిచి ఎవరిది వాళ్ళకి తిప్పి పంపించాడు. చేతికి ఎముక లేనివాడు, అందులో మాత్రం మహా పిసినారి.

తర్వాత ఆగలేదు వాడు. ఎక్కడ వాగుంటే అక్కడికి పోయేవాడు డ్రమ్ము వీపున కట్టుకుని. కొండకి అటుపక్క మూడు ఊళ్ళు, నది పక్కన ఇంకా ఎన్నో. ప్రతిచోటా ముందు పైన నిలబడి చూసి, తర్వాతే కింద పడుకునేవాడట. ఒకసారి గ్యాల్సనే కబురంపించాడు, ‘గోంపా గూడు ఇంకా ఖాళీగానే ఉంది, నీకు ఇష్టమైతే’ అని. ఇష్టమైతే! ఆ మాట అనడానికి ఆయనకి ఎన్నేళ్ళు పట్టిందో చూడు. ముటుప్ నవ్వి, ‘కనుమ అవతల ఒక ఊరికి మాటిచ్చాను. వచ్చాక పెడదాం’ అన్నాడు. పోయాడు. అక్కడ చక్రం పెట్టాడు, తిరిగింది, జ్వరం పట్టుకుంది. ఆ ఊరివాళ్ళే దహనం చేశారు. మర్యాదగా చేశారట, నేను పోయి కనుక్కొచ్చాను. వాళ్ళ వాగు మీద గంట కూడా విన్నాను. మనదానికంటే కొంచెం సన్నం గొంతు దానిది. గ్యాల్సన్ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆ గూట్లో ఎవర్నీ ఏదీ పెట్టనివ్వలేదు. లేహ్ నుంచి ఎవరో మెరిసే ఇత్తడి చక్రం తెస్తే, ‘అది ఒకరికి ఇస్తామన్న గూడు’ అని వెనక్కి పంపించాడు. ఆయన కొడుకూ అంతే.

విప్పు మూట. ఆ గూట్లోకి నువ్వు చేసిన చక్రం చూడనీ. ఊఁ... అంచు బాగా మడిచావు. మన ఊళ్ళోనే కొట్టావా అంతా? ఇదేంటి, ఈ అక్షరానికి తోక విరిగిపోయింది... ఓసి నీ! ఆ రాయి దగ్గరికే పోయావా నువ్వు కూడా, గుడ్డా మసీ పట్టుకుని? నేను చెప్పేది నోరు మూసుకుని విన్నావు కదే ఇంతసేపూ, ఏం తెలియనట్టు. తిప్పు. అటు కాదు... ఆ, అలాగే, కుడికి. ఊరికే అన్నాలే, నీకు తెలీదా. ఇప్పుడున్న లామా కుర్రాడే అయినా పద్ధతి పద్ధతేగా, దాత ఎవరని అడుగుతాడు. ఏం చెప్తావు? ఉహూఁ. ముటుప్ పేరు వద్దు. వాడిది వాడు ఎప్పుడో ఇచ్చేశాడు, ఇది నువ్విస్తున్నావు. నీ పేరే చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పుకో, ఇప్పుడెవరి కోసం ఆగాలి, ఆ గోడంతటికీ వినపడేలా... ష్. ఆగు. విన్నావా? గంట లాగుతోంది. మళ్ళీ విను. ఇందాక ఇలా లేదు. పైన కాలవలో కంపేదో అడ్డం పడుంటుంది, ఇవాళ్టి వంతు ఎవడిదో వాడు నిద్రపోతున్నాడు. లే, ఆ మూలనున్న పార అందుకో. నా కర్ర ఇటివ్వు. మూట ఇక్కడెందుకు వదిలేస్తావ్, చంకన పెట్టుకో. కాలవ మీంచి పోతే గోంపా ఎంత దూరమనీ.